స్టెన్సిల్ కోసిన రాత్రి

నల్లజాతి కళాశాలల కథ – ఏడో భాగం

గత భాగంలో 1890 నాటి రెండో మొరిల్ చట్టం దాకా వచ్చాం. తెల్లవారి కాలేజీల తలుపులు నల్లపిల్లలకు తెరవకుండానే కేంద్ర నిధులు దక్కించుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు వేరే కాలేజీలు పెట్టాయి. పెట్టి, వాటికి చాలీచాలని గ్రాంటులు విదిల్చాయి. తర్వాతి అరవై డెబ్బై ఏళ్ళలో ఆ రాష్ట్రాల వర్ణవివక్ష చట్టాలను పడగొట్టిన మనుషులు ఎక్కువగా ఆ కాలేజీల్లోంచే వచ్చారు. పౌరహక్కుల ఉద్యమం అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్ గొంతు, రోజా పార్క్స్ ముఖం గుర్తొస్తాయి. వాళ్ళ వెనక ఉన్న తరగతి గదుల గురించి, లైబ్రరీ బల్లల గురించి, ఒక కాలేజీ ఆఫీసులో తెల్లవార్లూ తిరిగిన ఒక యంత్రం గురించి ఈ భాగంలో చెప్పుకుందాం.

ముందు డబ్బు సంగతి. అది తెలియకపోతే ఎవరు ఎందుకు భయపడ్డారో, ఎవరు ఎంతకు తెగించారో అర్థం కాదు. ఫిస్క్, మోర్‌హౌస్, టూగలూ లాంటి కాలేజీలు చర్చి సంఘాల డబ్బుతో, ఉత్తరాది దాతల విరాళాలతో నడిచేవి. అలబామా స్టేట్, నార్త్ కరొలైనా ఏ అండ్ టీ లాంటివి రాష్ట్ర శాసనసభ ఇచ్చే గ్రాంటు మీద బతికేవి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఆ శాసనసభల్లో నల్లజాతి సభ్యుడు ఒక్కడూ లేడు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి ఖర్చులో సగానికి పైగా అమెరికా కాంగ్రెస్సే మంజూరు చేయాలి. ఆ కాంగ్రెస్ కమిటీల్లో దక్షిణాది తెల్ల నాయకులదే పెత్తనం. ఎవరి చట్టాల మీద పోరాడాలో ఏటా వాళ్ళ ముందే చెయ్యి చాచాలి. కాలేజీ అధ్యక్షుడు ఒక్క మాట తూలితే వందల మంది పిల్లల చదువు ఆగిపోతుంది, పంతుళ్ళ కుటుంబాలు రోడ్డున పడతాయి. ఈ ఇరుకులో నిలబడి చేసిన పని కాబట్టే ఇందులో చాలా భాగం చాటుగా జరిగింది. చాటుగా జరిగింది కాబట్టే చరిత్ర పుస్తకాల్లో దానికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

1926లో హోవర్డ్‌కు మొర్దెకై జాన్సన్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో కూర్చున్న తొలి నల్లజాతి మనిషి ఆయనే. 1867లో నల్లవారి చదువు కోసం పెట్టిన విశ్వవిద్యాలయానికి నల్లవాడు అధ్యక్షుడు కావడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి అక్కడి లా కాలేజీ సాయంత్రం పూట నడిచేది. పగలంతా ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసి అలసిన మనుషులు దీపాలు పెట్టే వేళకు వచ్చి పాఠాలు వినేవారు. పుస్తకాలు తక్కువ. పాఠం చెప్పేవాళ్ళూ పగలు వేరే వృత్తి చేసుకునేవాళ్ళే. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు లేదు. 1929లో ఆ కాలేజీని చార్ల్స్ హ్యామిల్టన్ హ్యూస్టన్ చేతుల్లో పెట్టారు.

హ్యూస్టన్‌కు అప్పుడు ముప్పై మూడేళ్ళు. తండ్రి వాషింగ్టన్‌లో లాయరు. మొదటి ప్రపంచ యుద్ధంలో అధికారిగా ఫ్రాన్స్ వెళ్ళిన హ్యూస్టన్, శత్రువుల కంటే ఎక్కువగా తోటి అమెరికన్ తెల్ల సైనికుల చేతిలో అవమానాలు పడ్డాడు. బతికి ఇంటికి వెళితే న్యాయశాస్త్రం చదివి తన జాతి కోసం కోర్టులో నిలబడతానని అక్కడే నిర్ణయించుకున్నాడు. హార్వర్డ్‌లో లా చదివి, అక్కడి లా రివ్యూ సంపాదకవర్గంలో చోటు సంపాదించిన తొలి నల్ల విద్యార్థి అయ్యాడు. హోవర్డ్‌కు వచ్చీరాగానే సాయంత్రపు క్లాసులు ఎత్తేయించి పూర్తికాలం పగటి కాలేజీగా మార్చాడు. ఆ సాయంత్రపు చదువుతోనే లాయర్లయిన పూర్వ విద్యార్థులు గోల పెట్టారు. పగలు పని మానుకుని చదివే స్తోమత నల్లవారిలో ఎంతమందికి ఉందని అడిగారు. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. కానీ హ్యూస్టన్ లెక్క వేరు. దక్షిణాదిలో కోర్టుకెక్కిన నల్లవాడికి తెల్ల లాయరు దొరకడు, దొరికినా చివరిదాకా నిలబడడు. మిసిసిపి రాష్ట్రం మొత్తంలో నల్ల లాయర్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సుప్రీంకోర్టు దాకా పోయి గెలవగలిగే లాయర్లు కావాలంటే అరకొర చదువు చాలదు. 1931కల్లా బార్ అసోసియేషన్ గుర్తింపు వచ్చింది.

ఆయన క్లాసు ఎంత కఠినంగా ఉండేదో ఆ క్లాసులో కూర్చున్న థర్గుడ్ మార్షల్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. డాక్టరు చేసిన తప్పు భూమిలో కప్పెట్టుకుపోతుంది, లాయరు తప్పు మాత్రం దాగదు అని హ్యూస్టన్ పిల్లలకు పదేపదే చెప్పేవాడట. మార్షల్ సొంత ఊరు బాల్టిమోర్. ఇంటికి దగ్గర్లోనే మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది, అందులో నల్లవారికి ప్రవేశం లేదు. అందుకని రోజూ తెల్లవారక ముందే లేచి రైలెక్కి వాషింగ్టన్ వచ్చేవాడు. బళ్ళో పాఠాలు చెప్పే తల్లి, ఫీజు కోసం తన పెళ్ళి ఉంగరం, నిశ్చితార్థపు ఉంగరం తాకట్టు పెట్టింది. మొదటి ఏడాది క్లాసులో పైన నిలిచినందుకు కాలేజీ లైబ్రరీలోనే పని దొరికింది. పగలు క్లాసు, తర్వాత లైబ్రరీ, రాత్రి మళ్ళీ రైలు. 1933లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. రెండేళ్ళకే, తనకు తలుపు మూసిన ఆ మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం మీదే గురువుతో కలిసి దావా వేసి, ఒక నల్ల యువకుడికి లా సీటు ఇప్పించాడు. 1936 జనవరిలో రాష్ట్ర అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పును ఖాయం చేసింది.

హ్యూస్టన్ వేసిన ఎత్తు చాలా ఓపికతో కూడినది. 1896 నాటి ప్లెసీ తీర్పు ప్రకారం 'వేరుగా ఉంచినా సమానంగా ఉంటే చాలు'. ఆ తీర్పుతో నేరుగా తలపడితే ఆనాటి న్యాయమూర్తులు వినరు. అందుకని ముందు 'సమానం' అన్న మాటనే పట్టుకున్నాడు. వేరుగా ఉంచారు సరే, సమానంగా ఉంచారని చూపించండి అన్నాడు. అందులోనూ మొదట లా కాలేజీలను ఎంచుకున్నాడు. లా కాలేజీ అంటే ఏమిటో, దానిలో ఏముండాలో జడ్జికి ఒకరు చెప్పక్కరలేదు. 1938లో మిసోరీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. లింకన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసిన లాయిడ్ గేన్స్‌ను సొంత రాష్ట్రంలో లా చదవనివ్వకుండా, పక్క రాష్ట్రానికి పొమ్మని, ఫీజు తామే కడతామని మిసోరీ అంది. అది కుదరదు, తెల్లవారికిచ్చిన చదువు నల్లవారికీ రాష్ట్రంలోనే ఇవ్వాలని కోర్టు తేల్చింది. ఆ వాదనకు ముందు హ్యూస్టన్ హోవర్డ్‌లో తోటి అధ్యాపకుల ముందు, విద్యార్థుల ముందు నిలబడి మొత్తం వాదన ఒకసారి వినిపించాడు. గేన్స్ మాత్రం ఆ సీటులో ఎన్నడూ కూర్చోలేదు. 1939 మార్చిలో షికాగోలో ఒక సాయంత్రం బయటికి వెళ్ళినవాడు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

ఆ రిహార్సల్ పద్ధతి హోవర్డ్‌లో నిలిచిపోయింది. పెద్ద కేసు ఏది సుప్రీంకోర్టుకు వెళుతున్నా ముందు అక్కడి లా కాలేజీలో దాని నమూనా విచారణ జరిగేది. ప్రొఫెసర్లు జడ్జీల్లా కూర్చుని అడ్డు ప్రశ్నలు వేసేవారు, వెనక బెంచీల్లోంచి విద్యార్థులూ అడిగేవారు. అక్కడ తడబడిన చోట లాయర్లు మళ్ళీ పుస్తకాలు తిరగేసేవారు. బడుల్లో జాతి విభజనను కొట్టేసిన బ్రౌన్ కేసు వాదనలకూ ఇలాగే తయారయ్యారు. బ్రౌన్‌తో పాటు తీర్పు వచ్చిన వాషింగ్టన్ బడి కేసును వాదించిన జేమ్స్ నాబ్రిట్, జార్జ్ హేస్ ఇద్దరూ హోవర్డ్ అధ్యాపకులే. 1954 మే 17న తీర్పు వచ్చేనాటికి హ్యూస్టన్ లేరు, 1950 ఏప్రిల్‌లోనే గుండెజబ్బుతో పోయారు. బ్రౌన్ తీర్పు చరిత్ర నన్ను రాయమంటే ఆ సాయంత్రపు క్లాసులు ఎత్తేసిన రోజు నుంచి మొదలుపెడతాను.

ఆ తీర్పులో పేరు వినిపించని విద్యార్థిని ఒకరున్నారు. పాలీ మర్రే 1941లో హోవర్డ్ లా కాలేజీలో చేరారు. ఆమె క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కరే. మొదటి రోజే ఒక అధ్యాపకుడు, ఆడవాళ్ళు లా కాలేజీకి ఎందుకొస్తారో తనకు అంతుపట్టదని అందరి ముందూ అన్నాడు. జాతి వివక్ష మీద పోరాడే చోటే ఆడదానిగా ఇంకో వివక్ష ఎదురైందని ఆమె జీవితమంతా చెబుతూ వచ్చారు. ఒకరోజు క్లాసులో ప్లెసీ మీద చర్చ. సమానత్వం చూపించమని చుట్టూ తిరగడం ఎందుకు, వేరుచేయడమే తప్పని నేరుగా కొట్టవచ్చు కదా అని ఆమె అడిగితే క్లాసంతా నవ్వింది. అప్పుడు ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్‌సన్‌తో పది డాలర్ల పందెం కాశారు, ఇరవై అయిదేళ్ళలో ప్లెసీ తీర్పు కూలుతుందని. చివరి ఏడాది తన పరిశోధనా వ్యాసం కూడా దాని మీదే రాసిచ్చారు. పదేళ్ళకే ప్లెసీ కూలింది. అంతకంటే విశేషం, బ్రౌన్ కేసుకు తయారయ్యే రోజుల్లో స్పాట్స్‌వుడ్ పాత కాగితాల్లోంచి ఆ వ్యాసం బయటికి తీసి చూసుకున్నారు. ఆ సంగతి మర్రేకు చాలా ఏళ్ళ తర్వాత, మళ్ళీ హోవర్డ్‌కు వెళ్ళినప్పుడు గానీ తెలియలేదు.

కోర్టుల బయట పోరాడే దారి చూపిన గాంధీ ఊసు హోవర్డ్‌లో ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. అక్కడి ప్రార్థనా మందిరానికి పెద్ద అయిన హోవర్డ్ థర్మన్ 1936 ఫిబ్రవరిలో భార్య సూ బెయిలీ థర్మన్‌తో కలిసి బార్డోలీలో గాంధీని కలిశారు. అహింస సందేశం కల్తీ లేకుండా ప్రపంచానికి అందేది బహుశా నల్లవారి ద్వారానేమోనని గాంధీ వాళ్ళతో అన్నారు. అప్పట్లో హోవర్డ్‌లోనే పనిచేస్తున్న బెంజమిన్ మేస్ అదే ఏడాది చివర్లో వార్ధా వెళ్ళారు. తర్వాత మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడయ్యాక అక్కడ చదువుకుంటున్న కుర్ర మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆయన గురువయ్యారు. పాలీ మర్రే అయితే కృష్ణలాల్ శ్రీధరాణి సత్యాగ్రహం మీద రాసిన పుస్తకం చదివి, 1940లోనే వర్జీనియాలో బస్సు సీటు గొడవలో అరెస్టయి, జైల్లో ఆ పద్ధతిని ప్రయోగించి చూశారు.

1943 జనవరిలో హోవర్డ్ విద్యార్థినులు ముగ్గురు వాషింగ్టన్‌లో ఒక దుకాణంలో హాట్ చాకొలెట్ అడిగారు. ఇవ్వబోమన్నారు. పట్టుబట్టి కూర్చుంటే చివరికి ఇచ్చి, కప్పు పది సెంట్లకు బదులు పాతిక సెంట్ల చొప్పున బిల్లు వేశారు. అమ్మాయిలు ముగ్గురికీ కలిపి 35 సెంట్లు బల్ల మీద పెట్టి లేచారు. బయట పోలీసులు పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఈ ఉదంతంతో విద్యార్థులు రగిలారు. యుద్ధానికి మగపిల్లలు వెళ్ళిపోతున్న రోజులవి. దేశం కోసం ప్రాణాలివ్వడానికి పనికొచ్చినవాడు కాఫీ తాగడానికి పనికిరాడా అన్నది వాళ్ళ ప్రశ్న. మర్రే న్యాయసలహాదారు. కొన్ని వారాలు సమావేశాలు పెట్టుకుని, ఎలా వెళ్ళాలి, కొడితే ఏం చేయాలి, ఏం మాట్లాడకూడదు అన్నీ ముందే అనుకున్నారు. ఏప్రిల్ 17, శనివారం. నల్లవారి పేట మధ్యలో ఉండి నల్లవారికి తిండి పెట్టని లిటిల్ ప్యాలెస్ అనే హోటలుకు నలుగురేసి చొప్పున నడిచి వెళ్ళారు. ముగ్గురు లోపలికి పోయి ఖాళీ ట్రేలతో బల్లల దగ్గర కూర్చుని పుస్తకాలు తెరిచారు, ఒకరు బయట నిలబడి గమనించారు. యజమాని ఆ రోజు కొట్టు త్వరగా కట్టేశాడు. విద్యార్థులు ప్లకార్డులతో కాలిబాట మీద తిరిగారు. రెండు రోజుల్లో హోటలు దిగొచ్చింది. 1960 నాటి గ్రీన్స్‌బరో బైఠాయింపు కంటే పదిహేడేళ్ళ ముందు మాట ఇది.

మరుసటి ఏడాది ఏప్రిల్లో థాంప్సన్స్ అనే పెద్ద హోటలులో ఇదే పని చేశారు. నాలుగు గంటలు కూర్చుంటే వడ్డించారు. యూనిఫాంలో ఉన్న కొందరు నల్ల సైనికులు కూడా దారిన పోతూ లోపలికొచ్చి వాళ్ళతో కూర్చున్నారు. గెలిచామనుకున్నారు. అంతలో విశ్వవిద్యాలయం పెద్దల నుంచి ఆజ్ఞ వచ్చింది, ఇక ఆపండని. అప్పుడు సెనేట్‌లో వాషింగ్టన్ నగర వ్యవహారాల కమిటీ మిసిసిపి సెనేటర్ థియడోర్ బిల్బో చేతిలో ఉంది. నల్లవారినందరినీ ఆఫ్రికాకు పంపించేయాలని బహిరంగంగా వాదించిన మనిషి అతను. హోవర్డ్ గ్రాంటు మీద అలాంటివాళ్ళ కన్ను పడితే ఏమవుతుందో జాన్సన్‌కు తెలుసు. ఆ మొర్దెకై జాన్సనే తర్వాత 1950లో ఫిలడెల్ఫియాలో గాంధీ గురించి ప్రసంగించి, విన్న యువకుడు కింగ్‌ను పుస్తకాల దుకాణానికి పరిగెత్తించారు. ఆయనను పిరికివాడని తీసిపారేయడం నావల్ల కాదు. విద్యార్థులు బాధతో ఆగిపోయారు. థాంప్సన్స్ మళ్ళీ మొదటికొచ్చింది. ఆ హోటలు మీదే పౌరహక్కుల కార్యకర్త మేరీ చర్చ్ టెరెల్ కోర్టుకెక్కగా, 1953 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో రాజధాని హోటళ్ళన్నీ అందరికీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు అలబామా రాజధాని మాంట్‌గోమరీకి వెళదాం. అలబామా స్టేట్ కాలేజీ ఉన్నది ఆ ఊళ్ళోనే. రాష్ట్ర విద్యామండలికి గవర్నరే అధ్యక్షుడు. 1925 నుంచి కాలేజీని నడుపుతున్నది కౌన్సిల్ ట్రెన్‌హోమ్, ఆయనకు ముందు నడిపింది ఆయన తండ్రి. అక్కడ ఇంగ్లీషు శాఖాధిపతి మేరీ ఫెయిర్ బర్క్స్ 1946లో మహిళా రాజకీయ మండలి అనే సంఘం పెట్టారు. కాలేజీ అధ్యాపకురాళ్ళు, బడి పంతులమ్మలు, చదువుకున్న గృహిణులు అందులో సభ్యులు. ఓటరుగా నమోదు కావడానికి పెట్టే పరీక్షలు ఎలా దాటాలో పేటల్లో నేర్పడం వాళ్ళ తొలి పని.

1949లో జో ఆన్ రాబిన్‌సన్ ఆ ఇంగ్లీషు శాఖకు వచ్చారు. జార్జియాలో ఒక రైతు ఇంట పన్నెండుగురు పిల్లల్లో చివరిది, ఆ ఇంట్లో కాలేజీ చదువు పూర్తిచేసిన మొదటి మనిషి. ఆ డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు క్లీవ్‌లాండ్ వెళ్ళబోతూ సిటీ బస్సెక్కారు. బస్సు దాదాపు ఖాళీ. ముందు నుంచి అయిదో వరసలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. డ్రైవరు బస్సు ఆపి మీదికొచ్చి, లేవమని చెయ్యెత్తి అరిచాడు. కొడతాడేమోనని భయపడి, ఏడుస్తూ దిగి పరిగెత్తారు. ముందు పది సీట్లు తెల్లవారివి, వాళ్ళెవరూ బస్సులో లేకపోయినా సరే ఖాళీగానే ఉండాలి. తర్వాత మండలిలో చెబితే, ఇక్కడ ఇది మామూలేనని తోటివాళ్ళు ఓదార్చారు. అది మామూలు కావడమే ఆమెకు మింగుడుపడలేదు. 1950లో మండలి అధ్యక్షురాలయ్యారు.

అయిదేళ్ళు ఆమె చేసిన పనిలో ఒక కాగితం నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. 1954 మే 21న, అంటే బ్రౌన్ తీర్పు వచ్చిన నాలుగో రోజున, మేయరు గేల్‌కు ఆమె రాసిన ఉత్తరం. మర్యాదగా రాసిన ఉత్తరమే. నల్లవారు వెనక నుంచి ముందుకు, తెల్లవారు ముందు నుంచి వెనక్కు, ఎక్కడ నిండితే అక్కడికి కూర్చోనివ్వాలి. ముందు తలుపు దగ్గర డబ్బు కట్టించుకుని, దిగి వెనక తలుపు నుంచి ఎక్కమనకూడదు. నల్లవారి పేటల్లోనూ ప్రతి మలుపులో బస్సు ఆపాలి. ఇవీ కోరికలు. చివర్లో చిన్న లెక్క, చిన్న హెచ్చరిక. బస్సుల్లో నలుగురిలో ముగ్గురు నల్లవారే, వాళ్ళు ఎక్కకపోతే బస్సులు నడవవు, బస్సులు మానేద్దామని ఊళ్ళో పాతిక సంఘాలు అనుకుంటున్నాయి. రోజా పార్క్స్ అరెస్టు కావడానికి ఏడాదిన్నర ముందే బస్సుల బహిష్కరణ ఆలోచన మేయరు బల్ల మీద కాగితం రూపంలో ఉంది. కరపత్రంలో ఏం రాయాలో మండలి ఆడవాళ్ళకు ముందే తెలుసు, తేదీ ఒక్కటే తెలియదు.

1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం ఆ తేదీ దొరికింది. పార్క్స్ అరెస్టు వార్త ఊళ్ళో పాకింది. లాయరు ఫ్రెడ్ గ్రే ఆ రాత్రి ఊరికి తిరిగొచ్చి జో ఆన్‌తో ఫోనులో మాట్లాడాడు. గ్రే కూడా అలబామా స్టేట్‌లో చదివినవాడే. విద్యార్థిగా రోజూ ఆ బస్సుల్లోనే తిరిగి, వివక్ష ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టడానికే లాయరవుతానని అనుకుని, రాష్ట్రంలో సీటు లేక ఒహాయో వెళ్ళి చదివొచ్చాడు. అర్ధరాత్రి దాటబోతుండగా జో ఆన్ కామర్స్ శాఖాధిపతి జాన్ కానన్‌కు ఫోన్ చేశారు. ఆ శాఖలో మిమియోగ్రాఫ్ యంత్రం ఉంది, మన దగ్గర సైక్లోస్టైల్ అని పిలిచినదే. బస్సుల్లో అవమానం కానన్‌కూ అనుభవమే, వెంటనే ఒప్పుకున్నాడు. చదువు చివరి ఏడాదిలో ఉన్న ఇద్దరు విద్యార్థులనూ తోడు తెచ్చుకుని నలుగురూ కాలేజీ చేరారు.

స్టెన్సిల్ కోశారు. ఒక్కో కాగితం మీద ఒకటే విషయం మూడుసార్లు వచ్చేలా కొట్టి, అచ్చయ్యాక మూడు ముక్కలు చేశారు, కాగితం ఆదా కావాలి కదా. రాసింది కొద్ది వాక్యాలే. బస్సులో సీటు ఇవ్వనందుకు ఇంకో నల్లజాతి మహిళను జైల్లో పెట్టారు, సోమవారం కేసు విచారణ, ఆ రోజు పనికైనా బడికైనా బస్సెక్కవద్దు. పార్క్స్ పేరు అందులో లేదు. చేతులకు సిరా అంటుకుంటూ, కట్టలు కడుతూ తెల్లవారుజాము నాలుగయింది. అచ్చయినవి వేలకు వేలు, ముప్పై అయిదు వేలకు తక్కువ కాదు. అప్పుడు కూర్చుని పంపకం దారులు వేసుకున్నారు, ఏ బడి, ఏ క్షౌరశాల, ఏ బ్యూటీ పార్లరు, ఏ కిరాణా కొట్టు ముందు, ఏది తర్వాత అని. ఎనిమిదింటికి జో ఆన్‌కు క్లాసుంది. ఆ ఇద్దరు విద్యార్థులకూ అదే క్లాసు. ముగ్గురూ వెళ్ళారు. పాఠం అయ్యాక కారులో కట్టలు వేసుకుని బయల్దేరి, మధ్యాహ్నానికల్లా ఊరంతా పంచేశారు. మండలి ఆడవాళ్ళు దారి మలుపుల్లో నిలబడి కట్టలు అందుకున్నారు.

కాలేజీకి తిరిగి వచ్చేసరికి ట్రెన్‌హోమ్ నుంచి పిలుపు. ఆయన బల్ల మీద ఆ కరపత్రం. ప్రభుత్వం కొన్న కాగితం, ప్రభుత్వ యంత్రం, రాత్రి వేళ తెరిచిన ప్రభుత్వ భవనం. ఆయన కోపంగా ఉన్నారు. ఇది ఎవరి పని, ఎందుకు చేశారు అని అడిగారు. జో ఆన్ దాచలేదు. బస్సుల్లో ఏం జరుగుతోందో, ఇంతకాలం ఎన్ని విన్నపాలు వృథా పోయాయో చెప్పారు. వింటూ వింటూ ఆయన ముఖంలో కోపం పోయి అలసట కనిపించిందని ఆమె తర్వాత రాసుకున్నారు. కాగితం ఖర్చు తానే కడతానని జో ఆన్ అన్నారు, కట్టారు. ఆయన ఆపమనలేదు. జాగ్రత్తగా ఉండండి, తెర ముందుకు రాకండి, కాలేజీని ఇందులోకి లాగకండి అన్నారు. ఆ కాలేజీకి అధ్యక్షుడిగా ఉన్న మనిషి ఆ రోజున అంతకంటే పెద్ద సాయం చేయగలిగి ఉండేవాడని నేను అనుకోను.

సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. ఆ రాత్రి సభలో మోర్‌హౌస్ పట్టభద్రుడు, ఇరవై ఆరేళ్ళ కింగ్ మాట్లాడారు, పక్కన ర్యాల్ఫ్ అబర్నాతీ, ఆయన అలబామా స్టేట్ పట్టభద్రుడు. ఆ తర్వాత 381 రోజుల బస్సుల బహిష్కరణ కథ అందరికీ తెలిసిందే. జో ఆన్ ఉద్యమ సంఘం కార్యవర్గంలో ఉండి, వార్తాపత్రిక నడిపి, తెల్లవారుతూనే తన కారులో జనాన్ని పనులకు దించి క్లాసుకు పోయేవారు. ఇంటి కిటికీ మీద రాయి పడింది. కారు మీద యాసిడ్ పోశారు. అయినా బయట ఆమె పేరు ఎక్కువగా వినిపించలేదు, వినిపించకుండా ఆమే చూసుకున్నారు. తన జ్ఞాపకాల పుస్తకం 1987లో గానీ అచ్చు కాలేదు.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో ఏ అండ్ టీ మొదటి ఏడాది విద్యార్థులు నలుగురు వూల్‌వర్త్ లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు వదిలేసేది పక్కనే ఉన్న బెనెట్ మహిళా కళాశాల. మెథడిస్టు చర్చి కాలేజీ అది, అధ్యక్షురాలు విల్లా ప్లేయర్. 1958లో కింగ్ సభకు ఊళ్ళో ఇంకెవరూ చోటివ్వడానికి జంకితే తన కాలేజీ ప్రార్థనా మందిరం ఇచ్చినావిడ. 1960లో బెనెట్ అమ్మాయిలు కౌంటర్ల దగ్గర వంతులు వేసుకుని కూర్చున్నారు. 1963లో వందల మంది జైలుకు పోతే ప్లేయర్ రోజూ వెళ్ళి చూసి, పాఠాలు వెనకబడకుండా పుస్తకాలు, హోంవర్కు జైలుకే పంపే ఏర్పాటు చేశారు. ఆమె ధైర్యం ఆమెదే, కానీ గవర్నరు సంతకంతో రాని జీతం ఆ ధైర్యానికి కాస్త చోటిచ్చింది. అదే 1960లో లూయిజియానాలో ప్రభుత్వ నల్లజాతి విశ్వవిద్యాలయం సదరన్‌లో అధ్యక్షుడు, రాష్ట్రం ఒత్తిడికి లొంగి, బైఠాయించిన సొంత విద్యార్థులనే కాలేజీ నుంచి తీసేశారు.

అలబామా వంతు ఫిబ్రవరి 25న వచ్చింది. అలబామా స్టేట్ విద్యార్థులు ముప్పై మంది దాకా మాంట్‌గోమరీ కోర్టు భవనం కింది అంతస్తు ఫలహారశాలకు వెళ్ళి కూర్చున్నారు. గవర్నరు జాన్ పాటర్సన్ ట్రెన్‌హోమ్‌ను పిలిపించి వాళ్ళను తీసేయమన్నాడు. తొమ్మిది మందికి సంజాయిషీ అడగకుండా, ఏ నేరమో రాయకుండా టీసీ చేతిలో పెట్టారు. కాలేజీ మొత్తం వీధికెక్కింది. తర్వాత అధ్యాపకుల మీద పడ్డారు. కింగ్ జీవితచరిత్ర రాసిన చరిత్ర ప్రొఫెసర్ లారెన్స్ రెడిక్‌ను గవర్నరు ఆదేశంతో ఉద్యోగం నుంచి తీసేశారు. తరగతి గదుల్లోకి విచారణాధికారులు రావడం మొదలయ్యాక జో ఆన్ రాబిన్‌సన్, మేరీ ఫెయిర్ బర్క్స్ ఇద్దరూ ఆ విద్యా సంవత్సరం చివర రాజీనామా చేసి ఊరు వదిలారు. ఒకరు లూయిజియానా మీదుగా లాస్ ఏంజెలెస్‌కు, ఇంకొకరు మేరీల్యాండ్‌కు. పద్నాలుగేళ్ళు కట్టుకున్న మండలి అలా చెదిరిపోయింది.

తొలగించిన విద్యార్థుల తరఫున ఫ్రెడ్ గ్రే కోర్టుకెళ్ళాడు. హోవర్డ్‌లో తయారైన థర్గుడ్ మార్షల్ ఆ కేసులో ఆయనకు అండ. 1961 ఆగస్టులో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ కాలేజీ ఏదైనా, ఆరోపణ ఏమిటో చెప్పకుండా, విద్యార్థి వాదన వినకుండా బయటికి పంపడానికి వీల్లేదని. ఈనాటికీ అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ రంగు విద్యార్థి మీదైనా క్రమశిక్షణ చర్య తీసుకోవాలంటే ఈ డిక్సన్ తీర్పు దాటి పోలేరు. ఆ తొమ్మిది మంది రికార్డుల్లోంచి తొలగింపు మచ్చను రాష్ట్ర విద్యాశాఖ 2018లో కొట్టేసింది.

(వచ్చే భాగంలో: 1960 ఏప్రిల్, ర్యాలీ నగరంలోని షా విశ్వవిద్యాలయం. అక్కడి పూర్వ విద్యార్థిని ఎల్లా బేకర్ పిలిచిన విద్యార్థుల సభ, నాగపూర్ హిస్లాప్ కాలేజీలో మూడేళ్ళు పనిచేసి వెళ్ళిన జేమ్స్ లాసన్, స్నిక్ అనే విద్యార్థి ఉద్యమ సంఘం పుట్టుక.)